గుండ్రయ్య చీటీ

అడవి ఆసుపత్రిలో ఎలుగుబంటి పుండు మీద గుండ్రయ్య అనే సూక్ష్మజీవి కాపురం ఉండేవాడు. ఐదు రోజులు మింగాల్సిన మందు ఎలుగు రెండు రోజులకే మానేసింది. చావు తప్పించుకున్న గుండ్రయ్య, ఆ మందును విరగ్గొట్టే కిటుకు నేర్చేసుకుని చీటీ మీద రాసుకున్నాడు.

చీటీ ఉంటే పంచుకోవడం సూక్ష్మజీవుల ఆచారం.

"అప్పా, నువ్వూ ఓ నకలు తీసుకో!" అని పక్కనున్న మరో సూక్ష్మజీవి పొడుగప్పకిచ్చాడు.

"మీ జాతిదాన్ని కాకపోయినా ఇస్తున్నావు. చల్లగా ఉండు తమ్ముడూ!" అని ఆవిడ మురిసిపోయింది.

ఇంతలో ఉడుత నర్సమ్మ వచ్చి ఎలుగు కట్టు మార్చింది. ఇద్దరూ ఆమె అరచేతిలోకి దూకేశారు. పక్క మంచంలో, కాలికి కుట్లు పడిన లేడిపిల్ల పడుకుని ఉంది.

"ఇక ఏ మందూ మనల్నేం చెయ్యలేదు. ఆ కాలు మనదే!" అని గుండ్రయ్య గంతులేశాడు.

ఉడుత మాత్రం తిన్నగా కొళాయి దగ్గరికి వెళ్లి చేతులకు సబ్బు రుద్దింది. నురగ పొంగింది. గాల్లోకి లేచిన బుడగల్ని చూసి లేడిపిల్ల కిలకిలా నవ్వింది.

"ఆగక్కడ! నా దగ్గర చీటీ ఉంది, చదువుకో!" అని గుండ్రయ్య గర్జించాడు.

"నాకు చదువు రాదు నాయనా," అంటూ నురగ ఇద్దర్నీ చంకనేసుకుని తూములోకి జారిపోయింది.