వెనక వరుస ప్రశ్నలు

“సొంత కొడుకు ఏం మింగిండో కనిపెట్టలేని తల్లి, మా పిల్లల గురించి మాకేం చెప్తది మేడమ్?”

చివరి వరుసలోంచి ఆ ప్రశ్న వచ్చేసరికి నాటింగ్‌హామ్‌లో తెలుగువాళ్ళు అద్దెకు తీసుకున్న ఆ హాల్లో నోళ్ళన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా సగం మాటలతో, సగం సమోసాలతో నిండి ఉన్న నోళ్ళవి.

అడిగినవాడు ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మైకు ముందు విమల. స్లౌ నుంచి కారులో వచ్చింది. ఆమె కొడుకు రిషి నిద్రమాత్ర అనుకుని వేసుకున్నదాంట్లో ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు ఉంది. పొద్దున లేవలేదు. అప్పట్నుంచి ఆమె తెలుగువాళ్ళు పదిమంది చేరిన చోటల్లా వెళ్ళి ఆ సంగతి చెబుతోంది.

సంఘం అధ్యక్షుడు విద్యాసాగర్‌కి కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం అరుదు. వచ్చేవల్లా శ్లేషలే. “హాలు దొరికింది, హాలాహలం గురించి వినడానికి రండి” అని వాట్సాప్‌లో పిలుపులు పంపింది ఆయనే. పేరులో సాగరం పెట్టుకుని ప్రసంగాలు సాగదీస్తాడని భార్య నాగేశ్వరి సణుగుతూ ఉంటుంది. అలాంటి మనిషి ఇప్పుడు రెండే ముక్కల్లో తేల్చేశాడు.

“ఎవరండీ మీరు? బయటికి నడవండి.”

“మీటింగు పెట్టి నోరు మూసుకొమ్మంటే ఎట్ల సార్?”

“మూసుకోమనలేదు. బయటికెళ్ళి తెరుచుకోమంటున్నాను.”

ఎవరో కిసుక్కుమన్నారు. విమల చెయ్యెత్తింది.

“ఉండనియ్యి అన్నా. చానామంది మనసుల ఉన్నదే ఆయన అడిగిండు.”

విద్యాసాగర్ కూలబడ్డాడు. ఆ చానామందిలో తనూ ఉన్నాడు.

“నేను కనిపెట్టలే,” అంది విమల మైకులో. “పరీక్షలకు నిద్ర పడ్తలేదమ్మా అన్నడు. ఫోన్ పక్కన పెడ్తే అదే వస్తది పో అన్న. వాడు ఆ ఫోన్‌లనే నిద్రగోళీ కొన్నడు. చూస్తే ఫార్మసీల ఇచ్చినట్టే ఉండె, ప్యాకింగుతోని సహా. ఒక్కటే ఏసుకున్నడు.”

మాత్రలోంచే ‘మాత్రమే’ పుట్టిందేమోనని విద్యాసాగర్ బుర్రకు తట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మాట విరుపును బయటికి రానీకుండా మింగేశాడు.

“మీవోనికి అలవాటుండెనేమో,” అన్నాడు టోపీ మనిషి. “మావోళ్ళు మంచి పిల్లలు.”

నాలుగైదు తలలు ఊగాయి. అందులో నాగేశ్వరి తల కూడా ఉంది.

“మావోడు గూడ మంచి పిల్లగాడే,” అంది విమల. “మంచి పిల్లలకు ఏది నకిలీదో ఎట్ల తెలుస్తది? ‘నువ్వట్లాంటోనివి కాదు’ అని మీ పిల్లలతోని అనకుండ్రి. అంటే మీకేం చెప్పరు. ‘ఏం జరిగినా చెప్పు, నేను తిట్ట’ అనుండ్రి.”

సంచీలోంచి బొటనవేలంత పరికరం తీసి పైకెత్తి చూపించింది.

“ఇది నాలొక్సోన్, ఆ మత్తుకు విరుగుడు స్ప్రే. మనిషిని ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ముందుగాల 999కి ఫోన్ కొట్టాలె. ఇది ముక్కుల కొట్టాలె. అంబులెన్సు వచ్చేదాంక ప్రాణం నిలవడొచ్చు.”

ముందు వరుసల్లో ఫోన్లు పైకి లేచాయి, ఫొటో తీసుకోవడానికి. అమ్మయ్య, సభ దారిలో పడింది అనుకున్నాడు విద్యాసాగర్. ఇంతలో మళ్ళీ అదే గొంతు, ఈసారి కాస్త బొంగురుగా:

“అంత తెలిసినోళ్ళు... ఆ పొద్దు మీ ఇంట్ల అది ఎందుకు లేకుండె?”

“అంకుల్, ఇంక చాలు,” అంటూ ఎమ్మెస్సీ చదివే అఖిలేష్ లేచాడు. అతని వెంట ఇంకో ఇద్దరు లేచారు. విద్యాసాగర్ కుర్చీ తోసుకుని చివరి వరుస వైపు నడిచాడు. జన్మలో ఎవరి కాలరూ పట్టుకున్నవాడు కాదు. ఎలా పట్టుకోవాలో ఆలోచించుకుంటూ నడిచాడు.

విమల మాత్రం మైకు పక్కకి పెట్టి, ఆ టోపీ మనిషి ముఖంలోకే చూసింది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“అసొంటిది ఒకటి ఉంటదనే తెల్వదు. ఎవ్వరు చెప్పలే. తెలిసి ఊకున్నది కాదు. తెల్వకపోవుడు తప్పు గాదు.”

ఆ మనిషి టోపీ తీశాడు. దాంతోనే ముఖం తుడుచుకుని కూర్చున్నాడు. విద్యాసాగర్ చేతికి కాలరు అవసరం తప్పింది.

ఆ తర్వాత సమోసాల దగ్గర కంటే విమల బల్ల దగ్గరే వరుస పెద్దదైంది. స్ప్రే ఎలా కొట్టాలో ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి నేర్పింది. విసుక్కోలేదు. అడిగిందే అడిగినా చెప్పింది. అందరికంటే ముందు నేర్చుకున్నది నాగేశ్వరి. వెంటనే ఒక మూలకు పోయి లీడ్స్‌లో చదువుతున్న కూతురు కావ్యశ్రీకి ఫోన్ చేసి “నేను తిట్టనే” అని మొదలుపెట్టింది. అలవాటు లేని పని కావడంతో మధ్యలో రెండుసార్లు తిట్టి సర్దుకుంది.

ఇంత గుండె ఈమెకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకుంటూ విద్యాసాగర్ పులిహోర డబ్బా పట్టుకుని కార్ పార్కుకి వెళ్ళాడు. చినుకులు పడుతున్నాయి. విమల కారు దగ్గర ఆ టోపీ మనిషే నిలబడి, ఖాళీ అట్టపెట్టెలు డిక్కీలో పెడుతున్నాడు.

“ఏమండోయ్, ఇక్కడికీ తయారయ్యారా? ఆవిణ్ణి అడగడానికి ఇంకేం మిగిల్చారు?”

ఆ మనిషి డిక్కీ మూసి, వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

“అమ్మా, ఎవరీయన?”

“మా ఆయన అన్నా, రిషి వాళ్ళ నాయన,” అంది విమల డబ్బా అందుకుంటూ. “ఇంట్ల ఈ ప్రశ్నలు బాత్రూమ్ తలుపేసుకొని తనకు తనే అడుక్కుంటడు. ఇట్ల నలుగుట్ల అడిగితేనే నేను జవాబు చెప్పగల్గుత.”