హోదా లేని సర్వర్

"పొద్దుగాల్నుంచి నలభై అలర్టులు! పిచ్చి నీ మిషన్‌కా, నీకా?"

జిల్లా ఆఫీసర్ సంజీవ తన ఫోన్‌ను నవ్య ముందు పడేశాడు. ఆఫీసు నెట్‌వర్క్ చూసే నవ్యది కాంట్రాక్టు ఉద్యోగం.

"నెట్‌వర్క్ స్విచ్‌ల ఒక్కో కంప్యూటర్ వైరు గుచ్చే అన్ని పోర్టులకు అలర్టు మీరే పెట్టుమన్నరు సార్. ఎవరన్న కంప్యూటర్ బంద్ జేసి చాయ్‌కి పోయినా, లైను పడిపోయిందనే వస్తది. సర్వర్‌దీ, మొగుళ్లపల్లి లాంటి మండలాల లైన్లూ చూస్తే చాలు."

"నాకే నేర్పుతున్నవా? ముఖ్యమైనయి నేను రాసిస్త."

హోదా ప్రకారం రాశాడు. మొదట తన గది, తర్వాత సూపరింటెండెంట్, ఆ తర్వాత సీనియర్ అసిస్టెంట్లు. ఏ హోదా లేని సర్వర్‌కు చోటు దొరకలేదు.

"హైదరాబాద్ల పెద్దసారుకు గూడ అలర్టులు పోవాలె. మనమెంత జాగ్రత్తగున్నమో తెల్వాలె. ఇంకొక్క తప్పుడు అలర్టు వచ్చిందంటే నీ కాంట్రాక్టు ఖతం."

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసులో అడుగుపెడుతూనే సంజీవ మండిపడ్డాడు.

"మళ్ల తప్పుడు అలర్టులే! మొదటి పోర్టు రోజూ పన్నెండు దాక పడిపోయే ఉంటున్నదట. మూడింటికి మళ్ల పడుతున్నదట. పెద్దసారు ఫోన్ జేసి అడుగుతున్నడు!"

"గిది తప్పుడుది కాదు సార్. మొదటి పోర్టు మీ కంప్యూటర్‌దే. అది పన్నెండింటికి ఆన్ అయితున్నది, మూడింటికి బంద్ అయితున్నది."

సంజీవ గోడ గడియారం వంక చూశాడు. జాబితా లాక్కుని, తన గది మీద గీత కొట్టి, పైన 'సర్వర్' అని రాశాడు.

"గిదే పెట్టు," అన్నాడు, గొంతు తగ్గించి.

"పెడత సార్. అది ఎన్నడూ సీటు ఇడిచి పోదు."