మెల్లగా పోనీ నాయనా

అతను వ్యాన్ ఎక్కి తలుపు వేసుకున్నాడో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"వచ్చావా నాయనా. ఎంతసేపని ఎదురుచూడాలి నీకోసం?"

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఎండ పడకుండా అద్దాలకి కట్టిన తెరల చాటున, మధ్య సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ భుజం మీద తల వాల్చి, పళ్ళు బిగబట్టి, నిండు గర్భిణి అయిన కూతురు. ఆ వెనక, పిల్లల సీట్లో బెల్టులతో బిగించిన చిన్న మనవరాలు.

"అల్లుడు ఊళ్ళో లేడు. నాకా మోకాళ్ళు పని చెయ్యవు. లేకపోతే ఈపాటికి నేనే నడుపుకుంటూ వెళ్ళిపోయేదాన్ని. డ్రైవర్ల ఏజెన్సీ వాళ్ళు ఇదిగో అదిగో అంటూ ప్రాణం తీశారు. ఉక్కపోస్తోందంటే ఇంజన్ వేసి, ఏసీ పెట్టి కూర్చోబెట్టాను దీన్ని. ఇంకా చూస్తావేం? పెద్దాసుపత్రికి పోనీ."

అతని చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. రోడ్డు చివర నుంచి ఎవరో మనిషి గబగబా ఆ గేటు వైపే వస్తున్నాడు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని గేరు వేశాడు.

బండి కదలగానే తలుపులన్నీ వాటంతటవే టక్కున లాక్ అయ్యాయి.

"మామయ్యా, నువ్వు బెల్టు పెట్టుకోలేదు," అంది మనవరాలు.

పెట్టుకున్నాడు. గుండెల మీద ఎవరో మోకాలు మోపినట్టయింది.

"మెల్లగా పోనీ నాయనా. ఇది చిన్న కారు కాదు. మలుపు తిప్పేటప్పుడు వెనక భాగం ఎక్కడుందో చూసుకోవాలి. ముందు బండిని మరీ అంటుకుని వెళ్ళకు. సడన్ బ్రేకు మాత్రం వెయ్యకు, పిల్ల తట్టుకోలేదు."

"అలాగేనమ్మా."

"పొద్దున్నే టైర్లలో గాలి చూశాను, ఆయిల్ చూశాను. కన్నబిడ్డలా పెంచాను ఈ బండిని. పరాయి చెయ్యి పడితే శబ్దంలోనే తెలిసిపోతుంది నాకు."

ఏసీ చల్లగా వీస్తున్నా అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మలుపులో ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడాయి. పొడి అద్దం కీచుమంది.

"మామయ్యకి ఏదెక్కడుందో తెలీదు," అని పాప కిలకిలా నవ్వింది.

"నవ్వకు. అతనికి బండి కొత్త, అలవాటు కావద్దూ?" అని కసిరింది పెద్దావిడ.

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. పక్కనే ఒక సందు. ఇలాంటి పని నెత్తిన పడుతుందనుకుని ఎక్కలేదు తను. దారిలోనే కాన్పయితే? ఏదైనా జరిగితే? లాక్ తీసి దిగిపోతే సరి. వేలు బటన్ మీద ఆనింది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక చెయ్యి అతని భుజం పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి.

"అన్నయ్యా, నావల్ల కావట్లేదు. తొందరగా పోనివ్వు."

పచ్చదీపం పడింది. అతను పోనిచ్చాడు.

ఇంకాస్త దూరం వెళ్ళేసరికి పోలీసులు బండ్లు ఆపుతున్నారు. వెనక్కి తిప్పడానికి సందు లేదు. అతని జేబులో లైసెన్సు లేదు.

మోటార్ సైకిల్ పక్కన నిలబడ్డ పోలీసు దగ్గరికొచ్చాడు. అతను నోరు తెరిచేలోపే పెద్దావిడ అద్దం దించింది.

"మా డ్రైవరే బాబూ. కాగితాలు తర్వాత చూద్దురుగాని. ఇక్కడ పిల్ల నొప్పులు పడుతోంది."

పోలీసు లోపలికి తొంగి చూశాడు. మరుక్షణం మోటార్ సైకిల్ ఎక్కాడు.

"నా వెనకే రా. దారి ఇప్పిస్తాను."

ముందు పోలీసు, వెనక పురుటి నొప్పులు, మధ్యలో అతను. ఎటూ కదలడానికి లేదు. ఇక రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. నెత్తిన నిండుబిందె ఉన్నవాడిలా బండిని ఒక్కొక్క గతుకూ దాటించాడు.

ఆసుపత్రి మెట్ల ముందు ఆపగానే తలుపు తియ్యబోయాడు.

"ముందు హ్యాండ్ బ్రేకు," అంది పెద్దావిడ.

వేశాడు. స్ట్రెచర్ వచ్చింది. కూతుర్ని లోపలికి తీసుకెళ్ళారు. హమ్మయ్య అనుకుని అడుగు పక్కకి వెయ్యబోతుంటే, పెద్దావిడ మనవరాలిని ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. సంచీ భుజానికి తగిలించింది.

"దీన్ని కాస్త చూస్తుండు నాయనా," అంటూ కుంటుతూ లోపలికి నడిచింది.

పోలీసు తాళాలు అడిగి తీసుకున్నాడు. వ్యాన్‌ని నీడలో పెట్టొచ్చి, అతని పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు.

"భలే తోలావయ్యా. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు వీళ్ళ దగ్గర?"

"ఇవాళే సార్."

పాప అతని భుజం మీద నిద్రపోయింది. మెడ చుట్టూ వేసిన చెయ్యి నిద్రలో కూడా వదల్లేదు.

ఎంతసేపటికో పెద్దావిడ బయటికొచ్చింది. చేతుల్లో తెల్లటి గుడ్డ మూట, అందులో ఎర్రటి ముఖం. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"మళ్ళీ ఆడపిల్లే. ఇద్దరూ క్షేమం. నువ్వు రాకపోయి ఉంటే ఏమైపోయేవాళ్ళమో నాయనా."

అతను తల దించుకున్నాడు. పాపని మెల్లగా బెంచీ మీద పడుకోబెట్టబోయాడు.

"ఇక నేను వెళ్ళొస్తానమ్మా."

"ఎక్కడికి? ఇంటికి చేర్చేదెవరు మమ్మల్ని? కూర్చో. అన్నం తినకుండా నిన్ను కదలనివ్వను."

అతని భుజాన ఉన్న సంచీలో ఫోన్ మోగింది. పెద్దావిడ తన చేతుల్లో ఉన్న బిడ్డని చూపించింది.

"ఫోన్ కాస్త నువ్వే ఎత్తు నాయనా. ఎవరైనా సరే, శుభవార్త చెప్పు."

పక్కన పోలీసు నవ్వుతూ చూస్తున్నాడు. అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"అమ్మా, ఇందాకట్నుంచీ చేస్తున్నాం ఫోన్ కలవట్లేదు, మేం పంపిన డ్రైవరు మీ గేటు దగ్గరే ఉన్నాడు, తన కళ్ళ ముందే ఎవడో మీ బండి ఎత్తుకుపోయాడంటున్నాడు."