వెనక పికప్

పేట దర్బారు పెద్దలారా, గిటార్లు బాగుచేసే కిట్‌బోక్ మీద ఇది నా ఫిర్యాదు. నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్నాను.

పక్షవాతంతో నా కొడుకు వాన్‌ఫ్రాంగ్‌కు మాట పడిపోయింది. రెండు వేళ్లతో పిక్ పట్టుకుని, స్పీకరుకు తగిలించిన బేస్ గిటార్ తీగ మీటి నన్ను పిలిచేవాడు. తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్ చెడిపోతే కిట్‌బోక్ దగ్గరికి మోసుకెళ్లాను.

“పిక్‌తో వాయించేవాడికి వెనక పికప్ పెట్టాలి కాంగ్. ప్రతి దెబ్బా ఖంగుమంటుంది,” అన్నాడు, అక్కను పిలిచినట్టు నన్ను కాంగ్ అంటూ.

“ఖంగుమనడానికి అదేమన్నా చర్చి గంటా? గిటార్ మెడ దగ్గర బిగించు. లావుగా, నేల అదిరేలా మోగాలి.”

“మీరు వక్క నమలండి కాంగ్, తీగల సంగతి నాకొదిలేయండి,” అని నవ్వి, వెనకే బిగించాడు.

మంగళవారం నేను వంటింట్లో ఉండగా వాడు మీటుతూనే ఉన్నాడట. పక్కింటికి కూడా వినిపించిందట. నేను వెళ్లేసరికి ఊపిరి లేదు.

కిట్‌బోక్‌ను శిక్షించండి.

వద్దు, అది కొట్టేసి ఇది రాయండి. మూడేళ్లుగా నాకు చెవులు వినపడవు. మనుషుల మాట పెదవులు చూసి తెలుసుకుంటాను, వాడి పిలుపు చెక్కనేల అదిరితే పాదాలతో తెలుసుకునేదాన్ని. సిగ్గుపడి కిట్‌బోక్‌కు చెప్పలేదు. నా కొడుక్కీ చెప్పలేదు. అమ్మ విని కూడా రాలేదనుకుంటూనే వాడు పోయాడు.