మగ్గం గుంటలో

మగ్గం మీద పడుగు మళ్లీ తెగింది. తెగిన పోగులు పట్టుకుని వీరాయమ్మ వీధిలోకి వినబడేలా అరిచింది.

“ఆ అబ్బులే! కూలినేతకి రావద్దన్నానని పోయినసారీ బ్లేడుతో కోసేడు, ఇప్పుడూ కోసేడు!”

“అబ్బులు బాబాయిగారు బండారులంకలోనే లేరు కదండీ అత్తయ్యగారూ,” అంది కోడలు పావని. “ఆయనే కోసేరని మీరు వీధంతా చెప్పేక, ఎవరూ పని ఇవ్వలేదని పెళ్లాంపిల్లలతో సూరత్ వెళ్లిపోయేరండి.”

“అయితే ఎవరిచేతో చేయించుంటాడు.”

పావని ఆ తెగిన పోగుల్లోంచి ఒక పోగు తీసి అత్తగారి అరచేతిలో పెట్టింది. దాని కొస పీచుపీచుగా ఉంది. బ్లేడుకి తెగిన కొస నున్నగా ఉంటుందని, బుద్ధెరిగిన నాటినుంచీ నేస్తున్న వీరాయమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. పడుగుకు పట్టించిన గంజి ఇంకా వాసన వేస్తోంది.

“గంజి కోసం ఎలుకలొచ్చేయండి.” పావని మగ్గం గుంటలోకి వంగింది. “ఇవిగో, పెంటికలు. పోయినసారి ఇలాంటివి కనబడలేదాండీ?”

వీరాయమ్మ కూడా గుంటలోకి తొంగిచూసింది.

“కనబడ్డాయే.”

“మరి తగువు తీర్చడానికి పెద్దమనుషులొచ్చి చూసినప్పుడు గుంట శుభ్రంగా ఉంది కదండీ?”

“వాళ్లొచ్చేలోపు ఊడ్చేసేను.”

“అయ్యో, ఎందుకండీ?”

వీరాయమ్మ ఆ పోగును పిడికిట్లో నలిపింది. కోడలి ముఖంలోకి చూడలేకపోయింది.

“అబ్బులేనని నాకు అప్పటికే తెలుసు కదే.”