మార్కెట్ మూల పందెం

లీమాలో ఒకే రూటులో వ్యాన్లు తోలుతూ, ప్యాసింజర్ల కోసం రోజూ కొట్టుకునే కాసిమిరో, నొల్బెర్తో ఈసారి వీడియోగేముల దుకాణంలో కార్ల పందెం ఆడి తేల్చుకుంటున్నారు. ఓడినవాడు మార్కెట్ మూల స్టాపు వదిలెయ్యాలి.

కాసిమిరో అడ్డొచ్చిన కార్లన్నిటినీ నుజ్జు చేసుకుంటూ ముందుకు దూసుకొచ్చాడు. గెలుపు గీత ఎదురుగా కనిపిస్తుండగా ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. వెనకొస్తున్న నొల్బెర్తో సందులో దూరబోయి గుద్దేశాడు. తెరమీద రెండు బండ్లూ గాల్లో పల్టీలు కొట్టి తగలబడ్డాయి. ఇద్దరి ఆటా పోయింది.

"గీత ముందు ఎవడైనా ఆపుతాడట్రా, బుద్ధిలేనోడా?" అన్నాడు నొల్బెర్తో.

"గీత దగ్గర జెండా పట్టుకున్న పిల్ల చెయ్యెత్తింది కదరా. నేను ఆపకపోతే నువ్వు ఎక్కించుకుపోవూ?"

నొల్బెర్తో తెరమీద మండుతున్న బండ్లలోకి తొంగిచూశాడు.

"నేను దూరిందీ ఆ పిల్ల కోసమే. ఇంతకీ ఎవరి బండెక్కిందంటావు?"