స్నానాలగదిలో కోడి

జీపు ఇంటి ముందు ఆగేసరికి షెడ్డు పనివాడి భార్య కోడిని గంపతో సహా స్నానాలగదిలోకి తోసి తలుపు గడియ పెట్టింది.

జీపులోంచి కోళ్ల పరిశోధన కేంద్రం డాక్టరమ్మ దిగింది. వెనకే సెక్యూరిటీ గార్డు.

ఆ కేంద్రంలో పనిచేసేవాళ్లు ఇంట్లో కోడినే కాదు, చిలకను కూడా పెంచకూడదు. బయటి జబ్బు బట్టలకంటుకుని లోపలికి వస్తుందని ఆ నియమం. తప్పితే ఉద్యోగం పోతుంది. ఆ ఉదయమే పక్క వీధిలో డ్రైవరు డాబా మీద పావురాలు గార్డు కంటపడ్డాయి. గంట తిరక్కుండా డ్రైవరు గుర్తింపు కార్డు లాగేసుకున్నారు.

జబ్బు నిజంగానే వచ్చింది. గేటు దగ్గరి షెడ్డులో కోళ్లు మెడలు వాల్చి చచ్చిపోయాయి. డాక్టరమ్మ షెడ్డు దానికి దూరం. అందులో ఒక్కదానికీ జబ్బు లేదని పరీక్షల్లో తేలింది. అయినా ప్రహరీ లోపలున్న ప్రతి కోడినీ, ప్రతి గుడ్డునూ మర్నాడు గోతిలో పూడ్చాలని ఉత్తర్వు వచ్చింది. పొదిగే యంత్రాలకు సీళ్లు వేశారు. మాంసం మెత్తగా ఉండే కోళ్ల గుడ్లు సరిగా పిల్లలు కావు. గుడ్లు బాగా పిల్లలయ్యే కోళ్ల మాంసం పీచులా ఉంటుంది. రెండూ కుదిరిన జాతి ఒకటి డాక్టరమ్మ చేతి మీదుగా, ఏళ్ల తరబడి పనిచేస్తే తయారైంది. అది ఆ షెడ్డులో తప్ప ఇంకెక్కడా లేదు.

షెడ్డు పనివాడి భయంలో ఉద్యోగం సగమే. రోజూ గేటు దగ్గరి షెడ్డు పక్కనుంచే నడిచి వెళ్తాడు కాబట్టి, జబ్బు తన ఇంటి కోడి నుంచే వెళ్లిందేమోనన్నది మిగతా సగం. ఆ మాట భార్యకు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ మంచం కింద వంగి చూసింది. వంటింట్లో బియ్యం డబ్బా జరిపి, నేల మీద వేలితో రాసి వాసన చూసింది. గార్డు బూట్లు విప్పడానికి బద్ధకించి గుమ్మంలోనే నిలబడ్డాడు. భార్య టీ పెడతానంది. డాక్టరమ్మ వద్దని, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అందరూ బాగున్నారని భార్య చెప్పింది. అడక్కుండానే మళ్లీ చెప్పింది.

"అదేం గది?"

"స్నానాలగదమ్మా. కుళాయి పాడైంది," అన్నాడు భర్త.

"నీళ్లు రావట్లేదు," అంది భార్య, అదే క్షణంలో.

లోపలి నుంచి కుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. గార్డు మెడ సాచాడు.

"మా ఆయన కడుపు, సార్," అంది భార్య. "భయమేస్తే అలాగే అరుస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంతే."

గార్డు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. పక్కింటి పెరడు చూసి రమ్మని అతన్ని పంపించింది. అతను మలుపు తిరిగేదాకా చూసి, గడియ తీసింది.

గంపలో కోడి ఈకలన్నీ పొంగించి కూర్చుని ఉంది. డాక్టరమ్మ చెయ్యి పెడితే పొడిచింది.

భర్త గోడకు చేరగిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. రోజూ తలస్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే మీ షెడ్డులోకి వచ్చాను. దీన్ని తీసుకెళ్లి పూడ్చేయండి. నా పని మాత్రం తీసేయకండి."

"దీనికి జబ్బుంటే ముందు ఇదే పోయేది కదమ్మా," అంది భార్య.

డాక్టరమ్మ కోడి రెక్క ఎత్తి చూసింది. కళ్లు, జుట్టు, ముక్కు చూసింది. కడుపు కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"గుడ్లు పెడుతోందా?"

ఏం చెబితే శిక్ష తగ్గుతుందో భర్తకు అర్థం కాలేదు. ఉన్నమాటే చెప్పాడు. "మానేసిందమ్మా. ఊరికే గంపలో కూర్చుంటోంది. మేత వేసినా లేవదు."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"మేడం," గార్డు గొంతు వీధిలోంచి దగ్గరవుతోంది. "పక్కింట్లో ఏం లేవు. అక్కడేమైనా దొరికిందా?"

భర్త కళ్లు మూసుకున్నాడు.

"ఇక్కడా ఏం లేవు. జీపు తిప్పి పెట్టు, వస్తున్నా," అని డాక్టరమ్మ కేకేసింది.

స్నానాలగది తలుపు లోపలి నుంచి మూసింది. కోటు గుండీలు విప్పి, పొట్టకు కట్టుకున్న తువ్వాలులోంచి ఇంకా వెచ్చగా ఉన్న తన షెడ్డు గుడ్లు తీసి, ఒక్కొక్కటిగా కోడి కిందికి తోసింది.